మొదటి వేలిముద్ర

సిద్దిపేట పశువుల దవాఖానకు తాళం వేసి ఉంది. దాని ముందు కడుపుబ్బిన ఎద్దు నేలమీద పడి రొప్పుతోంది. ఎద్దును తోలుకొచ్చిన రైతు, తన వెంట వచ్చిన, పసరు మందులిచ్చే తన ఊరి ముసలాయనను బతిమాలుతున్నాడు.

"డాక్టరు సాబు ఐతారం దాక రాడట తాతా. నువ్వే జర మందు పొయ్యి."

"నాకు సనదు కాయితం లేదు బిడ్డా. సర్కారు సనదు లేనోడు పసులకు మందు పోస్తె జైలేనని మొన్న డప్పు కొట్టి చెప్పిన్రు గద."

"గసొంటి కానూను కావాలెనని అడిగినోని చెయ్యి పడిపోను."

"అడిగింది మనూరోళ్లే. పోయినేడు దరఖాస్తు మీద నువ్వు వేలిముద్ర ఎయ్యలేదా?"

"గది డాక్టరును పంపుమని రాసిన దరఖాస్తు తాతా. గట్లనే చదివి చెప్పిన్రు."

"సగమే చదివిన్రు. నాటు మందులోళ్లను బందు చెయ్యాలెనని కింద ఉర్దూల రాసుందట. నిన్న ఉర్దూ చదవొచ్చిన మనూరి జానీ పాషా చెప్పిండు."

"నాకు తెల్వక ఏసిన."

"నాకు గూడ తెల్వదు. ఊరికి డాక్టరొస్తె మంచిదే గదా అని అందరికంటె ముందుగాల ముద్ర ఏసింది నేనే. నువ్వు తిట్టినట్టే పడిపోయింది బిడ్డా, నా చెయ్యి."