చిరగని పొర

నీళ్లను కరెంటుతో విడగొట్టే గదిలోకి, ఆ గది ఇన్‌ఛార్జి అయిన అన్నను మెడపట్టి తోసి, చెల్లెలు తనూ లోపలికొచ్చి గడియ పెట్టింది. ఆమె చేతిలో అగ్గిపెట్టె ఉంది.

“పిచ్చెక్కిందా నీకు? అదిలా ఇవ్వు!”

“దగ్గరికొస్తే గీసేస్తా. ఈ గొట్టంలో ఏముంది?”

“హైడ్రోజన్.”

“ఆక్సిజన్ అటువైపు, మధ్యలో పొర. పొర బాగుంటే రెండూ కలవవు, అంతేగా?”

“అంతే.”

“కలవకపోతే అంటించినా చప్పుడు లేకుండా మండుతుంది. పొర చిరగలేదనీ, మా ఆయనే ఒళ్లు తెలీక పేల్చుకుని చచ్చాడనీ రిపోర్టు మీద సంతకం పెట్టావుగా?”

“పెట్టాను. అయితే?”

“అయితే వణుకుతావేం?”

ఆమె వాల్వు తిప్పింది. గొట్టం బుస్సుమంది. పుల్ల పెట్టెకు ఆనించింది.

“వద్దే! నీ కాళ్లు పట్టుకుంటా! పేలాక మార్చింది గొట్టమే, పొర పాతదే! నెల కిందటే చిరిగింది! పేలిపోతాం!”

ఆమె వాల్వు కట్టేసింది.

“అగ్గిపుల్లకే ప్యాంటు తడుపుకున్నావు. పది రోజుల కిందట అన్నీ తెలిసే ఆయన చేతికి వెల్డింగ్ టార్చ్ ఇచ్చి ఇక్కడికే పంపావు.”

అగ్గిపెట్టె జేబులో వేసుకుని, గోడకు వేలాడుతున్న పెద్ద స్పానర్ తీసి అతని తల మీదికి ఎత్తింది.

“చెల్లీ...”

“భయపడకన్నయ్యా. ఇది ఇత్తడిది. నిప్పురవ్వలు రావు.”