హుసేన్ పేరున్న కాగితాలు

అబ్బాస్ అలీ చనిపోయిన నలభయ్యో నాడు, ఆదోనిలో ఫాతిహా ప్రార్థన అయి చుట్టాలంతా లేచి పోయినాక, నందవరం నుంచి వచ్చిన ముసలాయన ఒక్కడే వాకిట్లో మిగిలినాడు. ముప్పై ఏండ్లు పీర్ల పండక్కి ఈయన పాట కడితే అబ్బాస్ అలీ పాడినాడు. పరాయి మగోళ్ళకు కనపడగూడని ఇద్దత్ గడువులో ఉన్న అబ్బాస్ అలీ భార్య పరదా వెనక నుంచి పలికింది.

“టీ తాగినావా అన్నా?”

“తాగుతాండా తల్లీ. ఆ పాటల కాగితాలు ఒకసారి చూసి పోదామని...”

“పెట్టెలోవా? అవి లేవన్నా. చెదలు పట్టి ముక్కలు నేల మీద పడతాండె. నాకు చదువు రాదు గానీ, ప్రతి పాటలో ఇమాం హుసేన్ పేరుంటాదని ఆయన సెప్పినాడు. వచ్చినోళ్ళు తొక్కుతారని భయమేసి, మా తమ్మునితో కాలువలో వదిలిపిస్తి.”

ముసలాయన గ్లాసు కింద పెట్టినాడు.

“అన్నీనా?”

“అన్నీ. నీ కాడ ఇంకోటి రాసి పెట్టుకొనింటావు కదా?”

“లేదమ్మా. రాసింది రాసినట్టు ఆయన చేతికే ఇస్తాంటి. ఫోన్లో ఒక్కటన్నా పాడినాడా?”

“పీర్ల ముందర పాడేది ఫోన్లో పాడగూడదనేవాడు.” పరదా కదిలింది. “తప్పు చేసినానా అన్నా?”

“లేదు తల్లీ. ఆ పేరు కాళ్ళ కింద పడగూడదు. మంచి పనే చేసినావు.”

“మల్లా రాయన్నా. నువ్వు కట్టినవే గదా.”

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. బస్సు టైమైంది. అయినా లేవలేదు.

“ఆయన గొంతు యాడ ఎక్కుతాదో, ఊపిరి యాడ తీసుకుంటాడో చూసుకొని కడ్తాంటినమ్మా. ఇప్పుడు ఎవరి గొంతు చూసుకొని రాయల్ల?”