మాసన్న చేతులు, ఆషాఢం గాలి

ఏందది ఉమా, అటుక మీద దొరికిందా? ఇటియ్యి, చూస్త. అబ్బ... మీ తాత మాసయ్య రిమోటే బిడ్డా! ఆయన పోయి తొమ్మిదేండ్లాయె. చూడు, బొటనవేలు ఆనిన కాడ రంగే పోయింది. కూసో, దగ్గరికి జరుగు. నేను చెప్తుంటే నడుమ ఫోన్ చూడొద్దు మల్ల.

మాసన్న నాకు అన్న లెక్క. ఆయనది మోటరు లేని బొమ్మ విమానం. బారెడు రెక్కలు. మల్దకల్ తొవ్వల గుట్ట లేదా, ఆషాఢంల పడమటి గాలి వచ్చి దానికి గుద్దుకొని పైకి లేస్తది. గా లేసే గాలి మీదికి ఇసిరేది నేను, రిమోటు తిప్పేది ఆయన. ఇగ చూస్కో, సర్రున పోయి, మల్ల తిరిగి మా నెత్తి మీదికెల్లి బెత్తం ఊపిన సప్పుడు చేసుకుంట వచ్చేది. నేను "తిమ్మప్పా!" అని కింద కూలబడేటోన్ని. నవ్వకు. మీ తాత గూడ గట్లనే నవ్వేటోడు. "తమ్మీ, దేవునికి మొక్కుతున్నవా, విమానానికా?" అని. "గాలి ఇచ్చింది ఎవలు అన్నా మరి?" అంటుంటి.

పదమూడేండ్ల కింద తాతకు, మీ నాయినకు లొల్లయింది. ఏం లొల్లి అంటవా, మన గద్వాల చీరల నూలు ఒంటికి పట్టు అంచు పోగు పోగు కలపాలె గదా. తాత నేసిన చీరకు అంచు కాడ రెండు మూడు పోగులు తప్పినయ్. మీ నాయిన శివ, "నాయినా, చెయ్యి వణుకుతుంది, ఇగ మగ్గం దిగు" అన్నడు. మంచికే అన్నడు, తప్పు పట్టొద్దు. తాతకు రోషమొచ్చె. "రేపు గుట్టకు రా. ఎంత గాలున్నా ఎగిరేసి నా కాళ్ల కాడ దించుత. దించకపోతే మగ్గం దిగుత" అన్నడు.

తెల్లారి గాలంటే గాలి కాదు, నా తలగుడ్డ పోయి ఎవలిదో చేన్ల పడ్డది. జములమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్న. తాత నీళ్లు తాగవోయిండు. విమానం చేతికి తీసుకుంటే ఎన్నడు లేంది బరువు! దాని కడుపుల చూస్తే సీసం బిళ్లలు. యాభై ఏండ్లు నేసినోన్ని నేను, చీర ఎంత తేలికుంటే గంత పేరు. గింత బరువుతోని ఏం లేస్తది, ముసలాయన పరేషాన్ల పొరపాటు చేసిండు అనుకున్న. చెప్తే ఇనడని, బిళ్లలు తీసి జేబులేసుకున్న. మేలు చేస్తున్న అనుకున్న బిడ్డా.

ఇసిరిన. లేసింది, లేసింది... ముందుకు పోతలేదు. గాలి ఎనకకే నూకింది. మమ్ముల దాటి, అవతల బండకు తగిలి ముక్కలాయె. తాత రిమోటు కింద పెట్టి చేతులు చూసుకున్నడు. "గాలిని చీల్చుకపోవాలెనని బరువు గూడ ఏసిన తమ్మీ. ఐనా ఆపలేకపోయిన. శివ చెప్పిందే నిజం, చెయ్యి పోయింది" అన్నడు. నా చెయ్యి జేబులనే ఉన్నది.

తెల్లారి మగ్గం దిగిండు. ఇంక నాలుగేండ్లు బతికిండు. దినాం వచ్చి మా మగ్గం కాడ కూసుండి, నా చేతులనే చూసేటోడు. గుడికి పోయినప్పుడల్లా దేవునికి చెప్పుకున్న. ఆయనకు చెప్పలే. గుట్ట మీద పక్కన్నే నిలబడ్డ గదా నేను. గా దినం ఆయన చెయ్యి వణకలే, ఉమా.

...మీ నాయిన ఇంటికాడనే ఉన్నడా? వద్దు, పిలువకు. నేనే వచ్చి చెప్త. గా చెప్పులు జర ఇటు నూకు.