వెనక తలుపు రెండుసార్లు తట్టింది నేనే

విమాన ప్రమాద విచారణ అధికారి గారి ఎదుట, విమానాశ్రయం కార్యాలయ భవనంలో, కిటికీ అద్దం పగిలిన గదిలో, ఉదయం పదిన్నరకి నేను చెప్పి రాయించినది.

నన్ను పనిచోట అందరూ కరపత్రం అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడ చూసి రాసుకోండి. వయసు ఇరవై మూడు. విమానాల్లోకి భోజనం ఎక్కించే లారీ మీద లోడరు పని. చదువు పదో తరగతి. మిగతాదంతా కార్మిక సంఘం ఆఫీసు మెట్ల కింద కట్టలు కట్టి పడేసిన కరపత్రాలూ, అట్ట ఊడిన చిన్న పుస్తకాలూ చదివి నేర్చుకున్నాను. మా లోడర్లలో వేలిముద్ర వేసే ప్రతివాడికీ సంతకం నేర్పింది నేనే. శ్రమించే చెయ్యి తన పేరు తాను రాసుకోవాలన్నది నా సిద్ధాంతం. ఇది విచారణకి అవసరం లేదంటున్నారు. అయినా రాయండి, చివర్లో పనికొస్తుంది.

కంపెనీ ఉద్యోగంలోంచి ఆపేసిన ఆ విమాన సిబ్బంది మనిషి నాకు బావ. మా మేనత్త కొడుకు. మేనత్త పోయాక చిన్నప్పుడే మా ఇంటికొచ్చాడు. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద పెరిగాం. దుప్పటి ఎప్పుడూ ఆయన వైపే ఉండేది.

బంధువు కాబట్టి నేను బావని కాపాడటానికి వచ్చానని కంపెనీ వకీలు అన్నారట. నేను ఆయన్ని కాపాడేవాణ్ణా! మా వీధిలో ఎవర్నడిగినా నవ్విపోతారు. నాకు బావంటే గిట్టదు. కుళ్లు. ఈ మాట అలాగే రాయండి, మెత్తగా మార్చకండి.

ఎందుకని అడిగారు. ఇద్దరం ఒకే రోజు ఈ విమాన సిబ్బంది ఉద్యోగం ఇంటర్వ్యూకే వెళ్లాం. నవ్వుతూ నిలబడటం కూడా శ్రమే, దానికెందుకు విలువ కట్టరని నేను వాళ్లని అడిగాను. ఆయన ఊరికే నవ్వుతూ నిలబడ్డాడు. ఉద్యోగం ఆయనకొచ్చింది. అప్పట్నుంచి మా అమ్మకి ఒకటే పాట. "బావని చూడు. చొక్కా కాలరు చూడు, ఎంత నీటుగా ఉందో. నువ్వూ ఉన్నావు, ఎప్పుడూ పులుసు మరకలతో." ఆ కాలరు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ప్రమాదం జరిగిన రోజు పొద్దున ఐదింటికి నేను లాండ్రీ గదికి వెళ్లాను. విమాన సిబ్బంది దుస్తులూ మా ఏప్రన్లూ అక్కడే ఉతికి ఇస్త్రీ చేస్తారు. అక్కడ పనిచేసే అమ్మాయితో మాట్లాడదామని నేను రోజూ ఓ పావుగంట ముందే వెళ్తాను. ఆవిడ బావ కోటుకి గుండీ కుడుతోంది. బావ ఎదురుగా బల్లమీద కూర్చుని కాళ్లూపుతున్నాడు.

"రావయ్యా బావమరిదీ, విప్లవం ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

"నీ గుండీ దగ్గర ఆగింది. దిగితే ముందుకు కదుల్తుంది," అన్నాను.

ఆవిడ నవ్వింది. నా మాటకే నవ్వింది. కానీ చూసింది మాత్రం బావని. ఆయన కాలరు మీద ఇస్త్రీపెట్టె రెండోసారి నడిపింది. నా ఏప్రన్ మీద ఒక్కసారి కూడా సరిగ్గా నడవదు. "కరపత్రం, నీది అక్కడ మేకుకి తగిలించాను, తీసుకో," అంది.

బావ పొద్దుటి విమానంలో వెళ్లాడు. అదే విమానం పదకొండు దాటాక తిరిగొస్తుంది. దానికి మధ్యాహ్నం భోజనాలు ఎక్కించాల్సింది మా లారీనే. మా లారీ సంగతి చెప్పాలి. వెనక పెట్టె పైకి లేచి విమానం తలుపు ఎత్తుకి వెళ్తుంది. డ్రైవర్ కింద ఉంటాడు, నేను పైన ట్రాలీలతో ఉంటాను. డ్రైవర్ని అందరూ బాబాయ్ అంటారు. మేం సర్వీసు రోడ్డు మీద తెల్లగీత దగ్గర ఆగి ఉన్నాం. కంట్రోల్ టవర్ అనుమతి లేకుండా ఏ బండీ ఆ గీత దాటకూడదు.

విమానం దిగింది. ముందు చక్రం విరిగింది. రన్‌వే వదిలేసి గడ్డిలోంచి మా వైపు జారుకుంటూ వచ్చి, వాననీటి కాలవలో ముక్కు దిగబడి ఆగిపోయింది. తోక గాల్లోకి లేచింది. ఎడమ రెక్క అంటుకుంది. ఫైరింజన్లు ముందువైపుకీ ఎడమవైపుకీ వెళ్లాయి, అది సబబే, మంట అక్కడుంది. ముందున్న ప్రయాణికులు ముందు తలుపుల్లోంచి దిగుతున్నారు. వెనక తలుపుల్లోంచి ఎవరూ రాలేదు. మధ్యలో పైకప్పు కూలి దారి మూసుకుపోయిందని తర్వాత తెలిసింది.

"గీత దాటితే ఉద్యోగం పోతుందిరా," అన్నాడు బాబాయ్.

"అక్కడ మనుషులు పోతున్నారు బాబాయ్."

"నేను వద్దన్నానా? గట్టిగా పట్టుకో అంటున్నాను," అని గేరు వేశాడు.

టవర్‌ని అడగలేదు. అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. బావ కోసం వెళ్లావా అని అడిగారు. కాదు. ఆయన అందులో ఉన్నాడని తెలుసు. గుర్తు రాలేదంటే అబద్ధం. ఇవాళ కూడా పేరంతా ఈయనే కొట్టేస్తాడని గుర్తొచ్చింది. అంత మంటలో నాకు వచ్చిన ఆలోచన అది. సిగ్గుపడను, ఉన్నది చెబుతున్నాను.

విమానం కుడిపక్క వెనక తలుపు దగ్గర బాబాయ్ లారీ ఆపి పెట్టె లేపాడు. తలుపు మామూలుకంటే బాగా ఎత్తులో ఉంది. పెట్టె పూర్తిగా లేచినా మూరెడు తక్కువైంది. సరిగ్గా తలుపు కిందే కాలవ. కాలవలో నీళ్ల మీద ఇంధనం పారుతోంది, నల్లగా, రంగులు తేలుతూ. వాసనకి కళ్లు మండాయి.

ఇప్పుడు అసలు విషయం. ఆ తలుపులో రబ్బరు జారుడుబల్ల మడిచి ఉంటుంది. దాని కడ్డీ నేలకి తగిలించి ఉన్నప్పుడు తలుపు తెరిస్తే, అది ఒక్కసారిగా పొంగి బయటికి తన్నుకొస్తుంది. ప్రయాణికులు జారి దిగడానికి అది. బయట లారీ మీద మాలాంటివాడుంటే ఆ దెబ్బకి కింద పడి చస్తాడు. అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. బయటివాడు తలుపు రెండుసార్లు తట్టాలి. లోపలివాళ్లు కడ్డీ విప్పి, తలుపు అద్దానికి అడ్డంగా ఉన్న ఎర్ర పట్టీ తీసి, అద్దంలోంచి బొటనవేలు చూపాలి. వేలు కనబడకుండా మేం తలుపు ముట్టుకోం.

ఎర్ర పట్టీ అడ్డంగా ఉంది. నేను తట్టాను. రెండుసార్లు.

విమానం తగలబడుతుంటే పద్ధతిగా తలుపు తట్టడమేంటని మీరు నవ్వారు. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది. కానీ ఈ ఉద్యోగంలో తట్టకుండా నేను ఏ తలుపూ తెరిచి ఎరగను. చెయ్యి దానంతటదే లేచింది.

అద్దంలో బావ మొహం కనబడింది. వెనకంతా పొగ. ప్రమాదంలో ఆ కడ్డీ విప్పకూడదని వాళ్లకి నిబంధన ఉంది, అది నాకూ తెలుసు. నేను కాలవ వైపు వేలు చూపించి, చేతులు విదిలించాను, జారుడుబల్ల వద్దు అన్నట్టు. జారిన ప్రతివాడూ తిన్నగా ఆ ఇంధనంలో పడతాడు, ఒక్క నిప్పురవ్వ చాలు. బావ కిందకి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేకుండా ఉన్నాను. నాకు తనంటే గిట్టదని ఆయనకి తెలియదా? బాగా తెలుసు. అయినా నేను తట్టిన తట్టుని నమ్మాడు. ఎర్ర పట్టీ తీశాడు. వంగి కడ్డీ విప్పాడు. లేచి బొటనవేలు చూపాడు. అప్పుడు తలుపు తెరిచాను. పిడి కాలుతోంది, నా కుడి అరచెయ్యి అక్కడే కాలింది.

"నువ్వా?" అన్నాడు.

"నేను కాక మీ మేనేజరు వస్తాడా? పంపించు!"

ట్రాలీలన్నీ కిందకి తోసేశాను. మా వంటవాళ్ల కష్టమంతా కాలవలో పడింది. బావ ఒక్కొక్కర్నే ఎత్తి కిందకి అందిస్తుంటే నేను దించుకున్నాను. ఒక ముసలాయన పెట్టెలో నిలబడి, "నాకు ఉప్పు లేకుండా చెప్పాను బాబూ, వచ్చిందా?" అని అడిగాడు. మనిషి తెలివిలో లేడు. వచ్చింది తాతా, కింద పెట్టాను అన్నాను. పాపం, సరేనన్నాడు.

పెట్టె నిండిపోయింది. "నువ్వు కూడా దిగు," అని బావని అరిచాను. "లోపల ఉన్నారురా," అన్నాడు. బాబాయ్ పెట్టె దించి, రోడ్డు దాకా నడిపి అందర్నీ దించాడు. ఆ కాస్త సేపు తలుపు దగ్గర ఏ దారీ లేదు. అప్పుడే ఇద్దరు ఆగలేక దూకేశారు, కాళ్లు విరిగాయి. మేం రెండోసారి వెళ్లేసరికి పొగ తలుపులోంచి నల్లగా పొర్లుతోంది. బావ నేలమీద పడుకుని చేతుల్తో మనుషుల్ని ముందుకి తోస్తున్నాడు. ఒక పెద్దావిడ సీట్లోనే ఉండిపోయిందని మళ్లీ లోపలికి పాకాడు. ఆవిణ్ణి తేగలిగాడు. ప్రాణంతో కాదు. ఆవిడతో పాటు నా మీద పడ్డాడు. కాలరు సగం కాలిపోయింది. ఆ కాలరే నాకు కనబడింది. అమ్మకి చూపించాలనిపించింది. చూపించి ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఇక కంపెనీ వాదన. నిబంధనకి విరుద్ధంగా బావ కడ్డీ విప్పాడు, జారుడుబల్ల ఉంటే అందరూ ఒకేసారి దిగేవారు, పెద్దావిడ బతికేది, ఆ ఇద్దరి కాళ్లు విరిగేవి కావు అని. బావ మీకిచ్చిన వాంగ్మూలం నిన్న మీరే నాకు చదివి వినిపించారు. "తలుపు ఎవరూ తట్టలేదు. కంగారులో నేనే కడ్డీ విప్పేశాను. లారీ తర్వాత వచ్చింది."

అది అబద్ధం.

ఎందుకు చెప్పాడో నిన్న సాయంత్రం ఆసుపత్రి వరండాలో లాండ్రీ అమ్మాయి నాకు చెప్పింది. ఆవిడ రోజంతా ఆయన మంచం పక్కనే కూర్చుంటోంది. "తట్టావని తేలితే అనుమతి లేకుండా గీత దాటి, కడ్డీ విప్పించిందీ నువ్వే అవుతావట. కేసు నీమీదా బాబాయ్ మీదా పడుతుందట. అత్త చేతి అన్నం తిన్నవాణ్ణి, ఆవిడ కొడుకుని జైలుకి పంపనా అన్నాడు. నిజం చెప్పమని నేను మాత్రం నిన్ను అడగను," అంది. అడిగి ఉంటే మొండికేసేవాణ్ణేమో. అడగలేదు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ తలుపు గడియ పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. "వాడే ఒప్పుకున్నాడు కదరా. నువ్వెందుకు మధ్యలో? నోరు మూసుకుని ఉండు. నాకు నువ్వు కావాలి," అంది.

బుద్ధెరిగాక మొదటిసారి అమ్మ బావ కంటే నన్ను ఎక్కువ చూసింది. ఇన్నేళ్లు దానికోసమే మొహం వాచి ఉన్నాను. తీరా దొరికితే, దొరికింది ఇలాంటి మాటకి. ఆ పూట అన్నం తినలేదు. అమ్మ కూడా తినలేదు.

నేను బావ మీద జాలితో రాలేదు. కోపంతో వచ్చాను. ఉద్యోగం ఆయనకే. అమ్మ మెచ్చుకోలు ఆయనకే. ఆ అమ్మాయి ఆయన మంచం పక్కన. ఇప్పుడు త్యాగం కూడా ఆయనదేనా? జీవితంలో నేను ఎవర్నీ అడక్కుండా, ఏ కరపత్రంలోనూ చదవకుండా చేసిన పని ఒక్కటుంది. ఆ తలుపు తట్టాను. దాన్ని కూడా ఆ పెద్దమనిషి తన ఖాతాలో వేసుకుంటే చూస్తూ ఊరుకోను. ఒప్పయితే నాది, తప్పయితే నాది, శిక్షయినా నాది.

గీత దాటమన్నది నేను. కడ్డీ విప్పమని సైగ చేసింది నేను. బాబాయ్ నా మాట మీద బండి నడిపాడు, అంతే. జారుడుబల్ల మీద దిగి ఉంటే కాలవలో ఎంతమంది కాలేవారో మీరే వెళ్లి కాలవ చూసి రాయండి. అది నేను చెప్పను.

ఇందువల్ల బావతో నాకు రాజీ కుదిరిందని రాయకండి. కుదరలేదు. ఆసుపత్రికి వెళ్లినా ఆయన గదిలోకి వెళ్లలేదు, గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేశాను. తలుపు తట్టలేదు.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. కుళ్లు అన్నచోట అసూయ అని రాశారు, కొట్టేసి మళ్లీ రాయించాను. మిగతాదంతా నేనన్నట్టే ఉంది. ఎవరూ భయపెట్టలేదు, ఆశ చూపలేదు. వద్దని బతిమాలింది మా అమ్మ ఒక్కతే. ఇదంతా నిజం.

కుడి చేతికి కట్టు ఉంది, కలం పట్టలేను. అందరికీ సంతకం నేర్పినవాణ్ణి, ఇవాళ వేలిముద్ర వేస్తున్నాను. ఆ రోజు అద్దంలో ఆయన బొటనవేలు చూశాకే నేను తలుపు తెరిచాను.

ఇదిగో, ఇది నాది.

(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)