మూత మీది చెమ్మ

బర్మా అడవుల్లో నడిచిన తమ దళం చరిత్రను పుస్తకంగా వేస్తున్న ముసలి సైనికుడు, అచ్చుప్రతి పట్టుకుని జపాన్‌లోని నీగాతాలో తన సహచరుడి భార్య ఇంటికి వచ్చాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది.

“మా ఆయన పేరు పక్కన జూలై రెండని వేశారు. తప్పు.”

“చిండ్విన్ నది దారిలో ఆ రోజే జ్వరంతో పోయారు వదినగారూ. పక్కన నేనే ఉన్నాను.”

“యుద్ధానికి పోయినవాళ్లకి రోజూ భోజనం వడ్డించి పెట్టడం మీ ఇంట్లోనూ ఉండేదిగా? గిన్నె మూతకి చెమ్మ పట్టినన్నాళ్లూ మనిషి బతికున్నట్టేననేవారు మా అత్తగారు. జూలై ఐదు దాకా పట్టింది.”

“అది వట్టి నమ్మకం.”

“కావచ్చు. అందుకే అడుగుతున్నా. మీరు వచ్చేసేటప్పుడు ఆయనకి ఊపిరి ఉందా?”

అతను అచ్చుప్రతి మూసేశాడు. నలభై ఏళ్లలో ఆ మాట తననెవరూ అడగలేదు.

“ఉంది. మోయలేకపోయాం. నా నీళ్లసీసా ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.”



“నిండుగా ఉందా?”

“నిండుగానే ఉంది.”

“అయితే ఆ నీళ్లు మూడు రోజులు వచ్చి ఉంటాయి. ఐదని దిద్దండి.”