పడవ ముక్కు

తిరిగొస్తున్న అద్దె పడవను చూసి, మసూరియా సరస్సు రేవులో ముసలాయన చుట్ట పారేశాడు.

“చేపలు పడ్డాయా బాబూ?”

“గాలమే వెయ్యలేదు పెద్దాయనా. నిరుడు మా విటెక్ మునిగిన చోట, పేరు పెట్టి పిలిచి వచ్చా. శవమైనా దొరకలేదుగా.”

“మునిగినవాణ్ని నీళ్లమీద పిలవకూడదని చెప్పలేదటయ్యా?”

“నా తమ్ముణ్ని నేను పిలుచుకుంటే తప్పా?”

“పొద్దున వెళ్లేటప్పుడు పడవ ముక్కు పైకి లేచుంది. ఇప్పుడు కిందికి దిగింది.”

“నీళ్లు ఎక్కాయేమో. తెడ్డేసేవాడి వీపు అటేగా, చూడలేదు.”

“చుక్క నీరు లేదు. ముందు నువ్వు దిగు.”

అతను రేవు మీదికి ఎక్కాడు. ఖాళీ పడవ ముక్కు నీళ్లకేసి వంగే ఉంది.

“ఇప్పుడేం చెయ్యను పెద్దాయనా?”

“పిలిచింది నువ్వే. దిగడానికి చెయ్యీ నువ్వే అందించు.”