జీపు నిలిపిన దూరం

1991 ఆగస్టు 14వ తేదీన, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మారి వచ్చి, మా భూభౌతిక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా చేరిన శ్రీమతి శేషారత్నం గారు, ముప్పై నాలుగేళ్ల సేవ అనంతరం ఈ జూలై 31న పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున ఆమెకు దక్కింది ఒక కాలు కుంటే బల్ల, భూకంప తరంగాలు నమోదైన కాగితపు చుట్టలు. ఆ బల్ల కాలి కింద ఆమె మడిచి పెట్టిన అట్టముక్క ఇప్పటికీ అక్కడే ఉంది.

తొలి పదేళ్లు ఇతరులు సేకరించిన తరంగాలను చదవడంలో గడిచాయి. ఆ తర్వాత ఆమె తనదైన ప్రశ్నను ఎంచుకున్నారు: పర్వతాల కింద లోతున పేరుకున్న బరువు చివరికి ఏమవుతుంది? పర్వతం పెరిగేకొద్దీ దాని అడుగున ఉన్న చల్లని, దృఢమైన శిలావరణం కూడా మందమవుతుంది. కింద ఉన్న వేడి పొరకన్నా అది బరువైనది కనుక, లక్షల సంవత్సరాలలో మెల్లగా సాగి, తెగి, లోతుకు జారిపోతుంది.

2009 చలికాలంలో ఉత్తరాది కొండల్లో పదకొండు భూకంపమాపకాలు నెలకొల్పడానికి రత్నం గారు, నేను, మన్సూరాబాద్ వాసి అయిన మా డ్రైవరు జానయ్య కలిసి వెళ్లాం. ఆమె తన కొత్తపేట ఇంటినుంచి తెచ్చిన నెయ్యి గడ్డకట్టింది. పొయ్యిమీద కరిగిన నెయ్యిలో ఒక గడ్డ వేసి ఆమె, “చూడు జానయ్యా, రెండూ నెయ్యే. చల్లారి గట్టిపడినది అడుక్కి దిగిపోతోంది. కొండ కిందా ఇంతే,” అన్నారు.

“మరి పైనున్న కొండ గతేంది మేడమ్?”

“బరువు వదిలింది కదా, పైకి లేస్తుంది.”

“అంటే ఎల్బీనగర్ చౌరస్తాల సగం మంది దిగంగనే బస్సు లేసినట్టు! గీ ముచ్చటకు ఇంత దూరం తోలుకొచ్చిన్రా?”

మరుసటి ఏడాది ఫలితాలు వచ్చాయి. ఎత్తైన శిఖరాలకు సరిగ్గా దిగువన ఒక శిలాఖండం తెగి జారుతున్నట్టు పది కేంద్రాలు చెప్పాయి, పదకొండోది ఒప్పుకోలేదు. వ్యాసం ప్రచురణకు అంగీకారం పొందింది. ఆమె పదోన్నతి ఇంటర్వ్యూకు రెండు వారాలే ఉంది.

“గా ఒక్కటి తీసేద్దాం మేడమ్, ఖరాబైనట్టుంది,” అన్నాను నేను.

“పాడైందని ఎవరన్నారు దశరథా? మనకి నచ్చలేదు, అంతేగా?”

టీ తెచ్చిన జానయ్య పటంలో ఆ పదకొండో చుక్క వైపు చూసి, “గాడికి జీపు పోలేదు కదా మేడమ్. మోసుకపోయినం,” అన్నాడు.

ఆమె కలం ఆగిపోయింది. మిగిలిన పది చోట్లా పరికరం పాతే గుంత వానకు తడవకుండా టార్పాలిన్ పట్టాను ఒకవైపు జీపుకు కట్టి, దాని నీడలో దిక్సూచి చూసి పరికరానికి ఉత్తరదిశ నిర్ణయించాం. ప్రతిసారీ జీపును గుంతకు పడమటనే నిలిపాం. ఆ ఇనుము ముల్లును తనవైపు లాగింది. పదీ ఒకే రకంగా తప్పు చెప్పాయి కనుకనే అంత నమ్మకంగా కనిపించాయి.

దిక్సూచి చదివింది నేను. ఆ సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సు దిగి నడుస్తుంటే నాలో ముందుగా మేల్కొన్నది భయం. పశ్చాత్తాపం చాలా ఆలస్యంగా వచ్చింది. మర్నాడు వ్యాసాన్ని ఉపసంహరిస్తూ ఆమె రాసిన లేఖలో “దిశా నిర్ణయంలో పొరపాటు నాది” అన్న ఒక్క వాక్యమే కారణంగా ఉంది. నా పేరు లేదు. ఆ ఏడాది పదోన్నతి ఆమెకు రాలేదు. తర్వాతి రెండేళ్లూ రాలేదు. తాను కోరుకున్నదాన్నే చూసే కన్ను మనుషులందరికీ ఉంటుంది. ఆ కన్ను తనకూ ఉందని ఒప్పుకుని, దానికి మూల్యం చెల్లించిన వారి దగ్గర పనిచేయడం నా జీవితంలో గర్వకారణం.

మేం మళ్లీ వెళ్లాం. జీపును యాభై అడుగుల అవతల నిలిపి, పట్టాను కర్రలకు కట్టి, ప్రతిచోటా ఉత్తరదిశను తిరిగి చూశాం. తేడా పదిహేడు డిగ్రీలు. జారుతున్న శిలాఖండం నిజంగానే ఉంది; అయితే శిఖరాల కింద కాదు, వాటికి దక్షిణపు అంచున. 2013లో వెలువడిన ఆ వ్యాసానికి ముగ్గురు రచయితలు. మూడో పేరు చూసుకుని జానయ్య, “నా పేరు ఇంగ్లీషుల ఇట్లుంటదా!” అని కాలనీ అంతా తిప్పి చూపించాడు.

2016లో విభాగాధిపతి అయ్యాక రత్నం గారు తొమ్మిదిమంది పరిశోధకులను తీర్చిదిద్దారు. ఏకాభిప్రాయం కుదిరిన ప్రతి సమావేశంలోనూ ఆమె ఒకే మాట అడిగేవారు: “ఒప్పుకోనిది ఏది?” గుంతకు వాహనానికి మధ్య మేం పాటించే ఆ యాభై అడుగులను ఇవాళ మా కుర్రకారు ‘రత్నం గారి దూరం’ అంటున్నారు.

వీడ్కోలు రోజున ఆమెను కొత్తపేట చేర్చే బాధ్యత జానయ్యదే. “పదిహేనేండ్లు దూరంగ పెట్టిన. గా దినం మాత్రం బండి మేడమ్ పక్కకే తెస్త,” అని ఇప్పటికే ప్రకటించాడు. బరువు దిగిన కొండ నెమ్మదిగా పైకి లేస్తుందని మాకు నేర్పిన శేషారత్నం గారు, భర్త గంగాధరరావు గారితో, కుమార్తె తేజస్వినితో, సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లూ అలాగే తేలికగా, ఎత్తుగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ దిక్సూచి చదివింది నేనేనని, పదిహేనేళ్ల ఆలస్యంగా, మా సంస్థ పత్రిక ఈ వీడ్కోలు సంచికలో నా పేరుతో నమోదు చేస్తున్నాను.

— దశరథ, సాంకేతిక అధికారి